మట్టిముద్దలో రాక్షసి

కోటలో రణభూపతి అనే దొర ఉండేవాడు. ఒకనాడు ఆయన కంచరి కొండోజును పిలిపించి, "నాకు భయమంటే తెలియదురా. బొటనవేలంత రాక్షసిబొమ్మ పోతపోసి నన్ను భయపెట్టు. లేదంటే నీ కుడిచెయ్యి నరికిస్తా" అన్నాడు.

కొండోజు ఇంటికి వచ్చి పనిలో దిగాడు. మైనంతో కోరలూ గోళ్లూ దిద్దాడు. మైనపుబొమ్మకు మట్టి మెత్తి కాలిస్తే మైనం కారిపోతుంది కదా, ఆ ఖాళీలో కంచు పోశాడు. మట్టి పగిలేదాకా లోపలి రూపం చేసినవాడికీ తెలియదు.

వేడి తగ్గని ఆ ముద్దను ఇసుకతట్టలో పెట్టి అలాగే సభకు తెచ్చాడు. దొరకు సుత్తి అందించాడు.

"చేయించుకున్నవారే పగలగొట్టడం మా ఆచారం దొరా. లోపల ఎలా తయారైందో నేనూ చూడలేదు."

దొర సుత్తి ఎత్తాడు. చల్లారుతున్న ముద్ద లోపల్నుంచి టిక్కుమంది. ఎత్తిన చెయ్యి ఆగిపోయింది. మళ్లీ టిక్కుమంది. దొర రెండడుగులు వెనక్కి వేశాడు.

"నువ్వే... నువ్వే పగలగొట్టరా!"

"చూడకముందే జంకారు కదా దొరా! మరి నా చెయ్యి నాకు దక్కినట్టేనా?"

"దక్కిందిలే! ముందు దాన్ని బయటికి తీసుకుపో!"

ఇంటికి వెళ్లి కొండోజు ముద్ద పగలగొట్టాడు. కంచు పైదాకా అందక రాక్షసికి తలే రాలేదు. అతను ఎడమచేత్తో తన కుడిచేతిని గట్టిగా పట్టుకున్నాడు.