మైలోడు చేరిన తాలింఖానా

మిట్ట మీద ఓబుళేసు కొట్టం. కొట్టానికి తడిక, తడిక దాటితే వాలుగా దిగే బాట, బాట చివర కంపచెట్లు, వాటి వెనక కొండరాయి. ఆ కొట్టంలో మైలోడనే ముసలి ఎద్దు, ఒక ఎర్రపెట్ట, దాని పిల్లలు కాపురముండేవి.

మైలోడు పుట్టు సోమరి కాడు. వయసంతా కపిల లాగినవాడు. కపిల అంటే ఈ కాలం వాళ్లకు చెప్పాలి. ఎద్దులు వాలు దిగుతూ బావిలోంచి తోలుబొక్కెనను పైకి లాగాలి. నీళ్లు కాలవలో పడ్డాక, బొక్కెన మళ్లీ బావిలోకి దిగేందుకు వెనక్కి వెనక్కి నడిచి గట్టెక్కాలి. మొహం తిప్పేది లేదు, మళ్లేది లేదు. అట్లా ముందుకూ వెనక్కూ నడిచి ఎన్ని మళ్లు తడిపాడో వాడికే తెలియదు.

తర్వాత బావికి మోటారు వచ్చింది. జత ఎద్దు పుల్లోడు పోయాడు. మైలోడికి మిగిలింది నీడ, గడ్డి. కూర్చుని తింటే కొండలు కరుగుతాయంటారు గానీ, మైలోడి ఒంటి మీద కొండలు లేచాయి. కష్టం ఒంటిని అరగదీస్తుంది, కాదనను. సుఖం మాత్రం తుప్పు పట్టిస్తుంది. అరిగిన నాగలి దున్నుతుంది, తుప్పు పట్టింది దున్నదు.

ఒకనాడు ఓబుళేసు పెళ్లాంతో అంటుంటే మైలోడి చెవిన పడింది. "ఏరువాక పున్నమికి కాడి కట్టి చూస్తా చౌడమ్మా. ఒక్క చాలు దున్నితే ఉంటాడు. లేదా, ఆ వారమే సంతకు తోలేస్తా."

సంతలో ముసలి ఎద్దును కొనేవాడు రైతు కాడు. ఆ సంగతి మైలోడికి తెలుసు. ఆ పూట గడ్డి ముట్టలేదు.

"ఏమన్నా, మేత మానేసినావు?" అంది ఎర్రపెట్ట.

"మోకాళ్లు వంగడం లేదమ్మీ. ఏరువాక దగ్గరికొస్తోంది. ఏదో ఒక కసరత్తు చెయ్యాల."

"చెయ్యి. ఎవరొద్దన్నారు?"

"ఎట్ల చెయ్యాలనేదే తెలియడం లేదు."

ఈ మాట గోడ మీది కోతి విన్నది. మర్నాడే ఒక మొద్దును ఈడ్చుకుంటూ వచ్చింది. దొంగమేత మేసే పశువుల మెడకు కట్టే గుదిబండ అది. "కాలు గడప దాటనక్కరలేదు పెద్దయ్యా. ఎండా లేదు, నలుగురూ చూసి నవ్వేదీ లేదు. మెడకు కట్టుకుని కొట్టంలోనే తిరుగు."

"అడుగేస్తే మోకాలికి కొడుతోందే."

"కొట్టాల. కొడితేనే పని చేస్తోందని గుర్తు."

మైలోడు తన వాటా వేరుశనగ చెక్క ఇచ్చి మొద్దు తీసుకున్నాడు. మొదట్లో ఉత్సాహంగా తిరిగాడు. తర్వాత ఎండ తగ్గాక చేద్దామనుకున్నాడు, ఆ తర్వాత మెడ కాస్త సర్దుకున్నాక చేద్దామనుకున్నాడు. చివరికి మొద్దు మూలకు చేరింది. ఎర్రపెట్ట దాని చాటున గడ్డి పరిచి పిల్లల్ని పడుకోబెట్టింది.

"మొద్దు కావాలంటే చెప్పన్నా, లేచిపోతాం."

"ఎందుకులేమ్మీ, పసివాళ్లు, నిద్రపోనీ," అన్నాడు మైలోడు. ఆ దయలో సగం బద్ధకమని వాడికీ తెలుసు. నవ్వకండి. ఒంటరిగా, అడిగేవాడు లేకుండా, నొప్పి పుట్టే పనిని రోజూ చెయ్యడం ఎంత కష్టమో చేసినవాడికే తెలుస్తుంది. పక్కన పుల్లోడి భుజం తగులుతుంటే మైలోడు ఏనాడూ ఆగలేదు.

అప్పుడొచ్చింది నక్క.

"మొద్దు కొన్నావంట కదా మామా. ఇంట్లో ఎవరికైనా ఒళ్లు వంగుతుందా? కొండరాయి కాడ నేను తాలింఖానా, అదే కసరత్తుల బడి, పెట్టినా. కోడెలన్నీ అక్కడే. పదిమంది చేస్తుంటే నీ కాళ్లు వాటికవే లేస్తాయి."

పదిమంది అనే మాటకు మైలోడి ప్రాణం లేచొచ్చింది. "నన్ను చేర్చుకుంటావా? ఏమివ్వాల?"

"నీ దగ్గర తీసుకుంటానా మామా? తెల్లారి ఓబుళేసు మోటారు వెయ్యడానికి పోతాడే, కుక్క కూడా వెంట పోతుందే, అప్పుడు బయల్దేరు. పోతూ తడిక తీసి పెట్టు, అలిసి వచ్చినప్పుడు కొమ్ముతో తోసే పని ఉండదు. ఇంకొకటి, అది ముఖ్యం. దారిలో తల తిప్పగూడదు. తిప్పినావా, మెడనరం పట్టుకుంటుంది."

నక్క పోయాక ఎర్రపెట్ట ముక్కుతో నేల పొడిచింది. "నక్క పుట్టి నాలుగు వారాలు కాలేదు, ఇంత గాలివాన ఎన్నడూ చూడలేదన్నదంట. అది నీకు గురువా అన్నా?"

"నీకు సంత లేదు కదమ్మీ. నాకుంది," అన్నాడు మైలోడు.

తెల్లారింది. ఓబుళేసు పోయాడు, కుక్క పోయింది. మైలోడు తడిక తీసి బాట దిగాడు. తల తిప్పలేదు. కంపచెట్ల చాటు నుంచి నక్క లేచి, పక్కగా జరిగి, మిట్ట ఎక్కి కొట్టంలో దూరడం వాడు చూడనేలేదు.

వాలు దిగుతుంటే గిట్టల కింద నేల ఎప్పుడో ఎరిగినట్టుంది. భుజం దానంతటది ముందుకు వంగింది. కుడిపక్క పుల్లోడు నడుస్తున్నట్టే ఉంది. వాలు ముగిసిన చోట, కంపచెట్లకు ఇవతలే, కాళ్లు ఆగిపోయాయి. తాలింఖానా గుర్తు లేదు, కోడెలు గుర్తు లేవు. బొక్కెన దించాలి. అంతే, మైలోడు వెనక్కి వెనక్కి నడవడం మొదలుపెట్టాడు. మొహం కొండరాయి వైపే, నడక ఇంటి వైపు.

కొట్టంలో నక్క పిల్లలున్న మూలకు అడుగేసింది. ఎర్రపెట్ట రెక్కలు విప్పి మొద్దెక్కి అరుస్తోంది. ఇంతలో కొట్టమంతా చీకటైంది. నక్క వెనక్కి చూస్తే వాకిలి లేదు. వాకిలి నిండా ఎద్దు పిర్రలు. అవి ఇంకా లోపలికి వస్తూనే ఉన్నాయి.

"మామా, ఆగు, ఆగు," అంది నక్క, గోడకు అతుక్కుపోతూ.

మైలోడు ఆగాడు. పెట్ట కేకలు, పిల్లల కీచులు, గురువు గొంతు, మూడూ ఒక్కసారి చెవినపడ్డాయి. నక్క తడిక ఎందుకు తీయించిందో అప్పుడు బోధపడింది.

"ఎవరది?" అన్నాడు నిదానంగా.

"నేనే మామా, మీ గురువును. ఊపిరాడటం లేదు, కాస్త ముందుకు నడు."

"మా గురువు కొండరాయి కాడ ఉంటాడే. నువ్వెవరో దొంగవి."

"ఒట్టు మామా. తల తిప్పి చూడు."

"తిప్పగూడదని మా గురువు చెప్పినాడు. మెడనరం పట్టుకుంటుందంట," అని మైలోడు ఇంకో అడుగు వెనక్కి వేశాడు.

నక్క నడుము పటుక్కుమంది. పైనుంచి ఎర్రపెట్ట అందిన చోటల్లా పొడిచింది. చివరికి ఎద్దు కాళ్ల సందున దూరి బయటపడబోతే, గుమ్మం దగ్గర వెనక గిట్ట ఒకటి గట్టిగా తగిలింది. నక్క బాట మీద దొర్లుకుంటూ పోయింది.

మైలోడు ముందుకు జరిగి, పెట్ట వైపు తిరిగాడు. తర్వాత, "తడిక తీసింది నేనే అమ్మీ," అన్నాడు.

"మూసిందీ నువ్వే కదన్నా, నీ ఒళ్లు పెట్టి," అంది పెట్ట. "ఆ వాలు మళ్లీ దిగగలవా?"

"దిగగలను."

"అయితే రేపూ దిగు. తడిక నేను చూసుకుంటా. దిగలేదంటే వచ్చి మూతి మీద పొడుస్తా."

అట్లాగే జరిగింది. రోజూ వాలు దిగడం, వెనక్కి ఎక్కడం. పిల్లలు వెనకాల చేరి అరిచేవి, వాటిని తొక్కకుండా మైలోడు ఒక్కో గిట్టా చూసి చూసి వెయ్యాల్సి వచ్చేది. మానేసిన రోజున మూతి మీద పోటు పడేది.

ఏరువాక పున్నమి నాడు కొమ్ములకు రంగు, మెడకు పూలదండ. పక్కన కొత్త కోడె. కాడి ఎత్తగానే మైలోడి అడుగు తడబడింది. ఓబుళేసు చూశాడు, చర్నాకోల ఎత్తలేదు. మైలోడు ఊపిరి పట్టి, భుజం వంచి లాగాడు. ఎర్రమట్టి విచ్చుకుంది. చాలు చేని చివరి గట్టు, ఆ గెనిమ దాకా వంకర లేకుండా సాగింది. ఓబుళేసు వచ్చి వాడి గంగడోలు కింద గోకుతూ నిలబడ్డాడు. సంత మాట ఆ ఇంట్లో మళ్లీ వినపడలేదు.

నక్క మాత్రం గట్టు పొద చాటున వంగిన నడుముతో కూర్చుని అదంతా చూసింది. ఆ తర్వాత ఏ పశువు ఎదురైనా కసరత్తు ఊసెత్తలేదు.

నీ ఒళ్లు బాగుచేస్తానని వచ్చినవాడు నీ ఇంటి తలుపు సంగతి ఎత్తాడా, ముందు ఆ తలుపు వెయ్యి.