దొర చేతి జబ్బు

చిన్న కథే, నిలబడే వినొచ్చు. అన్నట్టు, అప్పట్లో పెదగరువు దొర బావమరిది నిలబడే భోంచేసేవాడు. దొరగారి కుక్క ఎక్కడ కరిచిందో మర్యాదస్తులం కనుక అడగలేదు.

దొర గొర్రెల కాపరి కొమరయ్యను పిలిపించాడు. "పది రోజుల్లో దీని ఆగడం మాన్పించు. లేకపోతే నీ మేతబీడు లాక్కుంటాను."

కొమరయ్య ఒక పూట గమనించాడు. కుక్క మనుషుల మీదపడి మొరిగినప్పుడల్లా దాని నోరు మూయించడానికి దొర మాంసం ముక్క విసిరేవాడు.

"మొరిగితే ఏమీ పెట్టకండి దొరా. ఊరుకున్నప్పుడే పెట్టండి."

పదో రోజుకు కుక్క బుద్ధిగా కూర్చుంది.

"ఏం మందేశావురా?"

"జబ్బు దానిది కాదు దొరా, మీ చేతిది."

అందరూ నవ్వారు. దొర కూడా నవ్వాడు. బీడు కొమరయ్యకే మిగిలింది.

ఆ ఏడు వానల్లేవు. ఊరంతా గడీ ముందు చేరి గింజల కోసం గోల పెట్టింది.

"అరిస్తే పెట్టకూడదని మీ కొమరయ్యే చెప్పాడు," అన్నాడు దొర.

ఊరు మూడు రోజులు నోరు మూసుకుని కూర్చుంది.

"ఊరుకున్నారు కదా దొరా, ఇక పెట్టండి," అన్నాడు కొమరయ్య.

"ఊరుకున్నారంటే ఆకలి తీరినట్టే కదరా!"

గాదె తలుపు తెరుచుకోలేదు. ఆ నెలలో పదకొండు కుటుంబాలు ఊరు విడిచి వెళ్ళాయి. రెండోది కొమరయ్యది.