తిరగలి నోట్లో కుక్కిన జొన్నలు

అనగనగా ఒక అడవి ఉండేదర్రా. ఆ అడవిలో పళ్ళున్నవాళ్ళ కంటే పళ్ళు రానివాళ్ళు, పళ్ళూడినవాళ్ళే ఎక్కువ. మరి వాళ్ళందరికీ పిండి కావద్దూ? ఆ పిండి విసిరే పని ఎలుగుబంటి బొంతమ్మది. వాగు ఒడ్డున దానికో పెద్ద రాతి తిరగలి ఉండేది. గిజిగాడు గడ్డిపోచలతో సన్నగా అల్లిచ్చిన జల్లెడ కూడా ఉండేది. బొంతమ్మ పనిమంతురాలే, కాదనను. ఎటొచ్చీ కాస్త తొందర జాస్తి.

ఒకరోజు పొద్దున్నే ముళ్ళపంది సూదెమ్మ జొన్నల మూటతో పరుగెత్తుకొచ్చింది. దాని ఒక్కగానొక్క కొడుకు బుల్లిముల్లుకి గొంతు వాచి పుండు పడింది. పాపం, మెతుకు దిగక నీరసించిపోయాడు.

"బొంతమ్మక్కా! తాబేలు వైద్యుడు వాడికి జావ కాచి పట్టమన్నాడు. పిండి అంతా ఒకే తీరుగా మెత్తగా ఉండాలట. ఒక్క నూక తగిలినా గొంతుకి ప్రమాదమట. వాడి కడుపులో ఏదైనా పడకపోతే నాకు దక్కడక్కా!" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది సూదెమ్మ.

"ఓస్, ఇంతేనా! నువ్వెళ్ళి ఎసరు పెట్టు. పిండి నేను తెస్తాగా" అంది బొంతమ్మ.

నిజంగానే తిరగలి ముందు కూర్చుంది. అంతలో పక్క గుహలో ఉండే ఎలుగు గున్నమ్మ అటుగా వచ్చింది.

"ఒసేయ్ బొంతమ్మా! కొండ మీద ఇప్పపూలు రాలాయే! దుప్పులు అప్పుడే బయల్దేరాయి. ఇప్పుడు రాకపోతే నీకు ఒక్క పువ్వు కూడా మిగలదు!" అని కేకేసి పోయింది.

ఇప్పపూలంటే ఎలుగులకి పంచప్రాణాలు కదా! బొంతమ్మకి నోరూరిపోయింది. గుప్పెడు చొప్పున పోస్తూ, నిదానంగా తిప్పుతూ, ఆనక జల్లించుకుంటూ కూర్చుంటే ఎప్పటికయ్యేను? "ఒక్కసారే పోసేస్తే పోలా!" అనుకుంది. మూటలో సగం జొన్నలు తిరగలి నోట్లో కుక్కి గిరగిరా తిప్పేసింది.

అప్పుడేమైందో తెలుసా? గింజలన్నీ ఒక్కసారిగా లోపలికి పడేసరికి పై రాయి కాస్త లేచింది. కొన్ని గింజలు నలిగాయి. కొన్ని రెండుగా పగిలాయి. కొన్నయితే దర్జాగా ఎలా వెళ్ళినవి అలాగే బయటికొచ్చాయి! పైపైన చూస్తే మాత్రం అంతా తెల్లటి పిండే. బొంతమ్మ జల్లెడ వైపు చూడనన్నా చూడలేదు. ఆ పిండిలో కొంచెం ఆకులో మూటగట్టి సూదెమ్మ చేతిలో పెట్టి, కొండదారి పట్టింది.

సగం కొండ ఎక్కిందో లేదో, కింద నుంచి "అయ్యో, నా బిడ్డా!" అని కేక వినబడింది.

బొంతమ్మ ఒక్క ఉదుటున వెనక్కి ఉరికింది. చూస్తే ఏముంది, జావలో ఉడకని నూక బుల్లిముల్లు గొంతుకి అడ్డం పడింది. వాడు ఊపిరాడక గిలగిలా కొట్టుకుంటున్నాడు. బొంతమ్మ వాణ్ణి తలకిందులుగా పట్టుకుని వీపు మీద చరిచింది. అరచేతినిండా ముళ్ళు దిగాయి. అయినా ఆగలేదు. టక్కున నూక బయటపడింది. వాడు కేర్‌మని ఏడ్చాడు. హమ్మయ్య! పిల్లవాడి ఏడుపు అంత ఇంపుగా ఎవరికీ ఎప్పుడూ వినబడి ఉండదర్రా.

"నిన్ను నమ్మానక్కా" అంది సూదెమ్మ, అంతే.

తిట్టినా బాగుండేది. బొంతమ్మ సిగ్గుతో చచ్చిపోయింది. "తప్పంతా నాదే సూదెమ్మా. పూల యావలో పడి పిల్లవాడి ప్రాణం మీదికి తెచ్చాను. ఉండు, మళ్ళీ విసిరి తెస్తాను" అని పరుగెత్తింది.

తిరగలి దగ్గర మిగిలిన పిండిని నూకతో సహా మళ్ళీ తిరగలిలో పోసి, బలంకొద్దీ తిప్పింది. ఈసారి మటుకు వేళ్ళ మధ్య నలిపి చూసుకుంది. నలిగిన పిండే మళ్ళీ నలిగి బూడిదలా అయింది. నూకలేమో ఆ పిండి మధ్య దాక్కుని, రాయికి దొరక్కుండా జారుకున్నాయి! "అమ్మో! ఇది కూడా ఇచ్చేసి ఉంటేనో!" అని బొంతమ్మ గుండె గుభేలుమంది.

అప్పుడింక కుదురుగా కూర్చుంది. మూటలో మిగిలిన జొన్నలు తీసింది. గుప్పెడంటే గుప్పెడే పోసింది. రాయిని ఒకే ఊపులో తిప్పింది. పిండిని జల్లించింది. కిందికి దిగినదాన్ని పక్కన పెట్టి, జల్లెడలో నిలిచిన నూకను మాత్రమే మళ్ళీ విసిరింది. మళ్ళీ జల్లించింది.

మధ్యలో గున్నమ్మ బుగ్గనిండా పూలు కుక్కుకుని వచ్చింది. "ఇంకా ఇక్కడే ఉన్నావటే? ఆఖరి చెట్టు కింద కాసిని ఉన్నాయి, ఇప్పుడొస్తేనే నీకు!"

బొంతమ్మ చెయ్యి ఆగలేదు. "నువ్వే తినవే. నాకు పనుంది" అంది.

ఆఖరి గుప్పెడు కూడా మొదటి గుప్పెడులాగే విసిరి, పిండి పట్టుకెళ్ళింది. సూదెమ్మ జావ కాచి, చల్లార్చి, ఆకు దొప్పలో పోసింది. బుల్లిముల్లు భయంభయంగా ఒక గుక్క తాగాడు. తల్లి కళ్ళు మూసుకుంది. బొంతమ్మ ఊపిరి బిగబట్టింది.

గుక్క దిగింది! వాడు మూతి చప్పరించాడు. ఇంకో గుక్క తాగాడు. తరవాత దొప్ప పైకెత్తి గటగటా తాగేసి, "అమ్మా, ఇంకొంచెం పొయ్యవే!" అన్నాడు.

సూదెమ్మ నవ్వుతూ ఏడ్చింది, ఏడుస్తూ నవ్వింది. బొంతమ్మ ఉన్నచోటే చతికిలబడింది. గుండెల మీంచి పెద్ద బండ దించినట్టయింది.

సూదెమ్మ దాని అరచేతిలో ముళ్ళు ఒక్కొక్కటే మెల్లగా తీస్తూ, "అక్కా, రేపటి జొన్నలు కూడా నీ దగ్గరికే తెస్తాను" అంది.

నీతి: మన పనిని నమ్ముకున్నవాళ్ళు ఉన్నప్పుడు, మొదటి గుప్పెడు ఎంత శ్రద్ధగా విసురుతామో ఆఖరి గుప్పెడూ అంతే శ్రద్ధగా విసరాలి.