చేనుకాడ మంట

మంజీర ఒడ్డున చిన్న ఆశ్రమంలో ఉండే చిదంబరయ్యగారిని శిష్యుడు పోశెట్టి ఒకనాడు ఇలా అడిగాడు:

“స్వామీ, కోత మిషను పోయాక చేలో మిగిలిన వరి కొయ్యలకు రేపు నిప్పు పెడదామనుకుంటున్నాను. నా చేను, నా గడ్డి. ఎవరికీ చెడు తలపెట్టలేదు. మనసులో లేని పాపం మనిషికి అంటుతుందా?”

గురువుగారు అవునని గానీ కాదని గానీ అనలేదు. తనకు తెలిసిన లింబాద్రి అనే రైతు సంగతి చెప్పారు.

లింబాద్రిని పెంచింది అక్క గంగు. తల్లి పోయిన నాటి నుంచి ఆమే తల్లి. భర్త చనిపోయాక ఆమె చేలకు దగ్గరగా ఊరి చివరి ఇంట్లో ఉండేది. గుండె జబ్బు బయటపడినప్పుడు, పొగ తగలకూడదని డాక్టరు చెబితే, లింబాద్రి ఆమె వంటింట్లో కట్టెల పొయ్యి తీసేసి గ్యాసు పెట్టించాడు. అంత ప్రేమ.

ఆ ఏడు రెండో పంటకు, యాసంగి నాట్లకు, కాలువ నీళ్లు వదిలే రోజు దగ్గరపడింది. కొయ్యలు దున్నించడానికి ట్రాక్టరు దొరకలేదు. చుట్టూ అందరూ తగలబెడుతున్నారు. గాలి కాలువ వైపు ఉందని చూసుకున్నాకే లింబాద్రి తన చేనుకు నిప్పు పెట్టాడు. మధ్యాహ్నానికి గాలి ఊరి వైపు తిరిగింది. చలికాలపు పొగ పైకి పోక ఇళ్ల మీద పరుచుకుంది.

అక్క గుర్తొచ్చి పరుగెత్తాడు. ఆమె తలుపులన్నీ మూసుకుని, తడిగుడ్డ ముక్కుకు అడ్డం పెట్టుకుని గోడకు ఆనుకుని ఉంది. ఒళ్లంతా చెమట. ఎడమ చెయ్యి లాగుతోందంది. ఆటోలో పడుకోబెట్టి, ఆమె తల ఒళ్లో పెట్టుకుని బయల్దేరాడు. ఆ దారి కూడా పొగలోంచే పోవాలి. నిప్పు పెట్టింది తనేనని చెప్పడానికి అతనికి నోరు రాలేదు.

కొంత దూరం పోయాక ఆమె కళ్లు తెరిచింది. “తమ్మీ, నన్ను దవాఖానల దింపి నువ్వు జల్ది చేనుకాడికి పో. మంట పక్కోళ్ల గడ్డివాముకు అంటుకుంటె నిన్ను తిడతరు” అంది.

ఆమె మళ్లీ మాట్లాడలేదు. ఆస్పత్రి చేరేసరికి ప్రాణం లేదు.

ఇంతవరకు విన్న పోశెట్టి, “పొగ వల్లే పోయిందని డాక్టరు చెప్పాడా స్వామీ?” అన్నాడు.

“అంత గట్టిగా ఎవరు చెప్పగలరు? పొగలోని సన్నటి ధూళి ఊపిరితిత్తుల్లో ఆగదు, నెత్తురులోకి దిగి గుండెను కష్టపెడుతుంది, అసలే బలహీనమైన గుండె కదా అన్నాడట. లింబాద్రి ఇంకేమీ అడగలేదు. చేలో నాట్లు కూడా వేయలేదు. పొద్దంతా అక్క ఇంటి అరుగు మీద కూర్చుంటాడు. పలకరిస్తే ఏడుస్తాడు.”

“అయ్యో! అతని మనసులో చెడు లేదు కదా స్వామీ.”

“లేదు నాయనా,” అన్నారు చిదంబరయ్యగారు. “ఆమె మనసులోనూ కోపం లేదు. ఉండి ఉంటే, అతనికి కాస్త తేలికయ్యేదేమో.”