చూశాను పైడయ్యా

అనగనగా ఒక నల్లతెర. దాని మీద తెల్ల అక్షరాలు కొట్టి మనుషులు కంప్యూటరుకి పనులు చెప్పుకునే కాలం. నమ్మితే నమ్మండి, లేకపోతే లేదు. ఊ కొడుతుంటే చాలు, నేను చెబుతూ ఉంటాను.

ఆ కాలంలో కంప్యూటరుని నడిపించే లినక్స్ అని ఒకటి వచ్చింది. దానికి యజమాని లేడు. ఎవరైనా ఊరికే తెచ్చుకోవచ్చు, ఇంకొకరికి ఊరికే ఇచ్చుకోవచ్చు. కాకపోతే దానితో మాట్లాడడం నేర్చుకోవాలి. అందుకు ఇంగ్లీషులో ఒక లావుపాటి పుస్తకం ఉండేది. రానివాళ్ళు వచ్చినవాళ్ళని అడగడానికి నెట్‌లో ఒక గుంపు ఉండేది. దాన్ని చావడి అనేవారు.

చావడిలో ఒక మూల పైడయ్య ఉండేవాడు. పగలంతా కుట్టుమిషన్లు బాగుచేసేవాడు. చేతికి నూనె, చొక్కాకి నూనె, కంప్యూటరు మీటలకీ నూనె. ఇంగ్లీషు కూడబలుక్కుని చదివి చదివి చాలా నేర్చాడు. అయినా నోరు తెరిచేవాడు కాదు. పెద్ద చదువులవాళ్ళ మధ్య మనమెందుకులే అనుకునేవాడు.

ఒకనాడు చావడికి సూరీడమ్మ అనే పంతులమ్మ వచ్చింది. ఆమె ఊరు ఆనకట్ట నీళ్ళలో మునిగిపోయింది. మునగకముందు ఆమె ఇంటింటికీ తిరిగి ముసలివాళ్ళ మాటలూ పాటలూ రికార్డు చేసుకుంది. ఊరు పోయింది. ఆ ముసలివాళ్ళూ ఒక్కొక్కరే పోయారు. గొంతులు మాత్రం ఆమె కంప్యూటర్లో మిగిలాయి.

"ఈ పాటలన్నీ ఒకచోటికి చేర్చాలంటే ఏం కొట్టాలండీ?" అని అడిగింది.

"ఆ మాత్రం తెలీదా? పుస్తకం చదువుకో," అంది చావడి.

పైడయ్యకి జవాబు తెలుసు. నోరు తెరవలేదు.

కొన్నాళ్ళకి మళ్ళీ వచ్చింది. "కంప్యూటర్లో చోటు లేదంటోంది. ఏది ఎంత చోటు తింటోందో ఎలా చూడాలండీ?"

"ఆ మాత్రం తెలీదా? పుస్తకం చదువుకో," అంది చావడి. ఈసారి కొందరు నవ్వారు కూడా. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తిననూ తిననివ్వదు అన్నట్టుండేది వాళ్ళ వరస.

పైడయ్యకి ఆ జవాబూ తెలుసు. నోరు తెరవలేదు.

మూడోసారి సూరీడమ్మ అడగలేదు. కొన్ని పాటలకి రెండో కాపీలు ఉన్నాయి. వాటిని వేరే ఫోల్డరులో పడేసింది. అవి చెరిపేస్తే చోటు వస్తుంది కదా అని తనంతట తానే పని మొదలుపెట్టింది. ఆ రెండో కాపీల ఫోల్డరులోనే ఉన్నాననుకుంది. ఉన్నది అసలు గొంతుల ఫోల్డరులో. నల్లతెర ఎదురు ప్రశ్న వెయ్యదు. అన్నీ చెరిపెయ్యమంటే అన్నీ చెరిపేస్తుంది, చెత్తబుట్టలో కూడా మిగల్చదు. ఆమె కొట్టింది. అది చెరిపేసింది.

అప్పుడు చావడికొచ్చి ఆమె ఇలా రాసింది. "అసలువన్నీ పోయాయండీ. మా అమ్మ జోలపాట అందులోనే ఉంది, దానికి రెండో కాపీ లేదు. అడుగుదామనుకున్నాను. మళ్ళీ నవ్వుతారని అడగలేదు."

అప్పుడు పైడయ్య మొదటిసారి నోరు తెరిచాడు.

"అమ్మా, కంప్యూటరు ఆపేసి ఉంచండి. అందులో ఇంకేమీ రాయకండి. చెరిపినవాటి మీద కొత్తది పడకపోతే కొన్ని తిరిగి దొరకొచ్చు. నేను వస్తున్నాను."

కొట్టు మూసేసి, బస్సెక్కి, ముంపువాళ్ళకి కట్టిన కాలనీకి వెళ్ళాడు. ఆమె ఇంట్లో కూర్చుని, చెరిగిపోయినవాటిని తడిమి తడిమి వెతికాడు. టముకు వేసే దాలయ్య మాటలు దొరికాయి. మంత్రసాని కథలు దొరికాయి. అమ్మ జోలపాట దొరకలేదు. మళ్ళీ వెతికాడు, దొరకలేదు. మూడోసారీ వెతికాడు.

"రాలేదమ్మా," అన్నాడు. "తప్పు మీది కాదు. మీరు అడిగిన రెండుసార్లూ జవాబు నాకు తెలుసు. నేను చెప్పుంటే మూడోసారి కూడా మీరు అడిగేవారు."

"తెలిసుండీ చెప్పలేదేటి బాబూ?" అంది ఆమె.

పైడయ్య తల దించుకుని ఏడ్చాడు. ఆమె కోపం కోపంగానే ఉంది, అయినా ఇంటికొచ్చిన మనిషి అని అన్నం పెట్టింది.

"నాకైంది ఇంకొకరికి అవకుండా చూడు. మా అమ్మకి అదే చాలు," అంది.

ఆనాటి నుంచి చావడిలో ఎవరు ఏమడిగినా మొదటి జవాబు పైడయ్యదే. అడిగినదే అడిగినా అదే ఓర్పు. "అడిగారు, మంచి పని చేశారు. మీరు ఎక్కడున్నారో ముందు చూడండి. అక్కడ ఏముందో చూడండి. ఇంకోచోట కాపీ ఉందో లేదో చూడండి. అప్పుడు ఎంటర్ కొడదాం." పుస్తకం చదవాల్సి వస్తే, పక్కన కూర్చున్నట్టే ఒక్కో వాక్యం విప్పి చెప్పేవాడు. నవ్వేవాళ్ళు నవ్వడం మానేశారు. కొందరు అతని వెనకే జవాబులు చెప్పడం మొదలుపెట్టారు.

ఒక వానాకాలం పైడయ్యకి జ్వరం వచ్చింది. ఆ జ్వరంలోనే పోయాడు. చావడికి ఆ సంగతి తెలీదు. ఎవరో కొత్తవాడు వచ్చి, ఫైలు పేరు మార్చడం ఎలాగని అడిగాడు. అందరూ పైడయ్య కోసం చూశారు. పొద్దు వాలినా జవాబు లేదు. "తెలివితక్కువ ప్రశ్న అడిగినట్టున్నాను, క్షమించండి," అని రాశాడు ఆ కొత్తవాడు.

పైడయ్య పోయిన కబురు అప్పుడే విన్న సూరీడమ్మ రాసింది. "లేదు బాబూ. అడిగారు, మంచి పని చేశారు. మీరు ఎక్కడున్నారో ముందు చూడండి." ఆమె కళ్ళు తడిగానే ఉన్నాయి, ఒక్క మాట వదలకుండా చివరిదాకా చెప్పింది.

ఈనాటికీ ఆ చావడిలో పుస్తకం చదువుకోమని ఎవరూ కసరరు. ఏదైనా చెరిపేముందు మీటల మీంచి చెయ్యి తీసి, "చూశాను పైడయ్యా" అనుకుంటారు. అతన్ని ఎరగనివాళ్ళు కూడా అంటారు. ఒక్కోసారి ఆ మాట సగంలో ఆగిపోతుంది, నిజానికి చూడలేదని గుర్తొచ్చి. అప్పుడు చూస్తారు.