గువ్వ మోసిన బొచ్చు మూట

అనగనగా ఒకటి కాదు, రెండూళ్లు. వాటి మధ్య ఒక సముద్రం, ఒక ఎడారి. దగ్గరికి జరగండర్రా, ఆ దుప్పటి కోసం కొట్టుకోకండి. ఇది నవ్వుల కథ కాదు, ముందే చెబుతున్నాను.

మొదటి ఊరు ఇంగ్లండు దేశంలో, ఒక ఇసుక గుట్ట కింద ఉంది. అది కుందేళ్ల ఊరు. అక్కడ వాన లేకపోతే చలి, చలి లేకపోతే వాన. రెండో ఊరు పడమటి ఆఫ్రికాలో, ఒక వాగు ఒడ్డున ఉంది. అది గినీ కోళ్ల ఊరు. బూడిద రంగు ఒంటి నిండా తెల్ల చుక్కలుంటాయే, ఆ కోళ్లు. అక్కడ వానలు వెళ్లిపోయాయంటే వాగు ఎండిపోతుంది. మళ్లీ వానలు పడేదాకా ఇసుకలో చెలమ తవ్వుకుని, అందులో ఊరిన నీళ్లే తాగాలి.

ఈ రెండూళ్లనీ కలిపింది ఒక గువ్వ. చలి మొదలవగానే అది ఇంగ్లండు వదిలి ఆఫ్రికా వెళ్లేది. చలి పోయాక తిరిగొచ్చేది. ఒకసారి అది కుందేళ్లకు గినీ కోళ్ల సంగతి చెప్పింది.

"చాలా మంచివాళ్లు. పాపం, కష్టపడి బతుకుతున్నారు," అంది.

అంతే, కుందేళ్ల పెద్ద మేబెల్ కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆమెది నిజంగా మంచి మనసు, అది కాదనకూడదు. వెంటనే సభ పెట్టింది.

"ఇవాళ్టి నుంచి ఆ ఊరూ మన ఊరూ జంట ఊళ్లు," అంది మేబెల్. "ఏటా వాళ్లకి ఏదో ఒకటి పంపాలి. మన దగ్గరున్న వాటిలో అన్నిటికన్నా మంచిదే పంపాలి."

కుందేళ్లన్నీ వెనక కాళ్లతో నేలను దబదబా తన్నాయి. వాటి చప్పట్లు అవే మరి.

కుందేళ్ల దగ్గర అన్నిటికన్నా మంచిదేమిటి? పొట్ట కింది మెత్తటి బొచ్చు. పిల్లలు పుట్టే ముందు తల్లి కుందేలు ఆ బొచ్చు పీకి గూట్లో పరుస్తుంది. "అక్కడి పసివాళ్లు చలికి వణక్కూడదు," అంటూ ప్రతి కుందేలూ గుప్పెడు బొచ్చు పీకి ఇచ్చింది. తమకు చలి కదా, లోకమంతా చలే అనుకున్నాయి.

సభలో అందరికన్నా వెనక ఆంబ్రోస్ తాత కూర్చున్నాడు. ఇసుకలో బొరియ తవ్వాలంటే ఆ ఊళ్లో ఆయన తర్వాతే ఎవరైనా. ఆయన తవ్విన బొరియ ఒక్కటీ కూలలేదు. కానీ ముసలితనంతో ఒంటిమీద బొచ్చంతా ఊడిపోయింది. 'ఇవ్వడానికి నా దగ్గర ఏముందిలే,' అనుకుని సిగ్గుతో తల దించుకున్నాడు. ఈ తాతని గుర్తుపెట్టుకోండి.

"మేబెలమ్మా, ముందు వాళ్లకేం కావాలో కనుక్కుని రానా?" అని అడిగింది గువ్వ.

"అయ్యయ్యో, అలా అడిగితే చిన్నబుచ్చుకోరూ?" అంది మేబెల్. "అది మర్యాద కాదమ్మా. అడగకుండానే పెట్టాలి."

గువ్వ మూట మెడకు తగిలించుకుంది. సముద్రం దాటింది, ఎడారి దాటింది. వాగు ఒడ్డున వాలేసరికి దాని రెక్కలు పడిపోయాయి.

గినీ కోళ్ల పెద్ద పేరు అసిబి. ఆమెకు ఒక్కతే కూతురు, తాని. ఆ ఊళ్లో ఒక పట్టింపు ఉంది. ఎవరేమిచ్చినా రెండు రెక్కలూ చాచి తీసుకోవాలి. వంక పెట్టకూడదు. ఇది వద్దు, అది కావాలి అన్నవాళ్లని ముష్టివాళ్లంటారు.

అసిబి మూట విప్పింది. అంతా బొచ్చు! బయట చూస్తే మాడు పగిలే ఎండ. ఒక పిల్ల ముక్కులోకి బొచ్చు పోయి తుమ్మింది. ఇంకో పిల్ల దాని మీద కూర్చుని "అమ్మో, కాలుతోంది!" అని లేచి పరిగెత్తింది. నవ్వకండి, నవ్వొద్దన్నానా?

"ఏం చెప్పమంటావక్కా?" అంది గువ్వ.

"చాలా బాగుందని చెప్పు. ఎంత మెత్తగా ఉందో!" అంది అసిబి.

అంతలో తాని తల్లి రెక్క పట్టుకుని లాగింది. "అమ్మా, మన చెలమ ఊరికే కూలిపోతోంది కదా. ఏం చెయ్యాలో వాళ్లని అడగమని చెప్పవే."

"నోర్ముయ్," అంది అసిబి. "మనమేమైనా అడుక్కునేవాళ్లమా?"

గువ్వ అదంతా విన్నది. అయినా, 'నాకెందుకు, చెప్పమన్నదే చెబుతాను,' అనుకుంది. తిరిగి వెళ్లి, "చాలా బాగుందన్నారు," అని చెప్పింది. కుందేళ్లు సంబరంతో దబదబా నేల తన్నాయి.

రెండో ఏడు ఇంకా పెద్ద మూట కట్టాయి. ఆ చలికాలమంతా కుందేళ్లు బోడి పొట్టలతో వణికాయి, కానీ ఒక్కరూ పైకి అనలేదు. అక్కడ వాగులో చెలమ గట్టు విరిగిపడి ఒక ముసలి కోడి కాలు విరిగింది. అసిబి మాత్రం ఎప్పటిలాగే, "చాలా బాగుందని చెప్పు," అంది. గువ్వ కళ్లకు కనబడాలని ఆ బొచ్చంతా బయటికి తీసి గూళ్లలో పరిపించింది. గువ్వ వెళ్లిపోగానే ఎత్తి ఒక మూల కుక్కించింది.

మూడో ఏడు కూడా మూట వచ్చింది. ఆ ఏడు వానలు తొందరగా వెళ్లిపోయాయి. నీళ్లు రోజురోజుకీ కిందికి దిగిపోయాయి. గినీ కోళ్లు వాగు నడిమధ్యన, కాళ్లతో ఇసుక గీకుతూ, నిటారుగా ఇంకా లోతుకి తవ్వాయి. పెద్దవాళ్లు దిగితే గట్టు జారుతుందని పిల్లలనే దింపేవాళ్లు.

"నేను దిగుతానమ్మా. నేను తేలిగ్గా ఉంటాను కదా," అంది తాని.

"జాగ్రత్త తల్లీ, రెండు గుక్కలు తాగి వచ్చెయ్," అంది అసిబి.

తాని దిగింది. ఒక గుక్క తాగింది. అంతే, గట్టు జారింది. ఇసుక కూలితే పెద్ద చప్పుడేమీ కాదర్రా. ఒక్కసారి ఉస్సుమంటుంది.

ఊరు ఊరంతా పరిగెత్తుకొచ్చి గీకింది. గువ్వ కూడా తన చిన్న కాళ్లతో గీకింది. గీకిన కొద్దీ పక్కనుంచి ఇసుక జారి పడుతూనే ఉంది. బిడ్డ దొరికేసరికి ప్రాణం లేదు.

అసిబి ఏడవలేదు. మూలన కుక్కిన బొచ్చు తెచ్చి కింద పరిచి, దాని మీద తానిని పడుకోబెట్టింది. మూడేళ్లలో ఆ బొచ్చు పనికొచ్చింది ఆ ఒక్కసారే. గువ్వ బయలుదేరేటప్పుడు అసిబి దాని దగ్గరికి వచ్చింది.

"ఈసారి బాగుందని చెప్పకు గువ్వా," అంది. "నా బిడ్డ మాట నేను వినలేదని చెప్పు. జరిగింది జరిగినట్టు చెప్పు."

కుందేళ్ల సభలో గువ్వ అంతా చెప్పింది. ఒక్క కాలూ నేల తన్నలేదు. వెనక నుంచి ఆంబ్రోస్ తాత మెల్లగా లేచాడు.

"వాగు నడిమధ్యన, నిటారుగా తవ్వారా?" అన్నాడు.

"అవును తాతా."

"ఒడ్డున చెట్లు లేవూ?"

"ఉన్నాయి. ఒడ్డు పొడుగునా ఉన్నాయి."

తాత సభ మధ్యకి వచ్చాడు. "చెట్టు వేళ్లు పట్టుకున్న చోట తవ్వాలమ్మా. ఏటవాలుగా తవ్వాలి. వేళ్లు ఇసుకను జారనివ్వవు. ఇది మా పసిపిల్లలకు కూడా తెలుసే! నన్నెవరూ అడగలేదు. బొచ్చు లేనివాణ్ని, నేనేమిస్తానని నేనూ నోరు విప్పలేదు."

"మూడేళ్లు రెక్కలు పడిపోయేలా మూటలు మోశాను తాతా," అంది గువ్వ. "ఈ మాటకి బరువే లేదు. ఆ పిల్ల మొదటి ఏడే అడిగింది. నేను విని కూడా మీకు చెప్పలేదు."

మేబెల్ భోరున ఏడ్చింది. ఏడిస్తే ఏం లాభం? చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే.

ఆ ఏడు గువ్వ మూట లేకుండా వెళ్లింది. తాత చెప్పిన మాట చెప్పింది. గినీ కోళ్లు ఒడ్డున చెట్టు వేళ్ల కింద ఏటవాలుగా చెలమ తవ్వాయి. అది నిలిచింది. పిల్లలు దిగి, తాగి, పైకి వచ్చారు. చివరి పిల్ల పైకి వచ్చేదాకా అసిబి అక్కణ్నుంచి కదిలేది కాదు. అందరూ వచ్చాక కూడా కాసేపు లోపలికి చూసేది.

గువ్వ తిరుగు ప్రయాణంలో ఆమె ఒకే ఒక్క మాట పంపింది. "మాకు నీళ్లు దొరికాయి. మీకేం కావాలో నిజం చెప్పండి."

మేబెల్ నోటిదాకా పాత మాటే వచ్చింది. 'మాకేం తక్కువమ్మా, అంతా బాగుంది,' అనబోయి ఆగిపోయింది. ఇంకా బొచ్చు మొలవని తన బోడి పొట్ట చూసుకుంది. వాన చలికి వణుకుతున్న పిల్లల్ని చూసింది.

"చలిగా ఉందని చెప్పు గువ్వా," అంది. "మా బొచ్చు మాకే చాలడం లేదు. గూళ్లలో పరవడానికి ఏమైనా ఉంటే పంపమను."

మరుసటి ఏడు గువ్వ మూటతో వచ్చింది. మేబెల్ విప్పి చూసింది. అందులో గినీ కోళ్లు రాల్చిన ఈకలున్నాయి, బూడిద రంగు మీద తెల్ల చుక్కలవి. గూళ్లన్నిటికీ సరిపోయేటన్ని ఉన్నాయి. వాటి మధ్యన ఆకులో చుట్టిన ఒక చిన్న ఈక ఉంది. చాలా చిన్నది.

అది ఎవరిదని కుందేళ్లు గువ్వను అడగలేదు. ఆ ఒక్కటీ అడగక్కర్లేకపోయింది. మేబెల్ దాన్ని తీసుకెళ్లి, ఆ ఉదయమే పుట్టిన పిల్ల కింద పరిచింది.

నీతి: పెట్టే చేయి ముందు అడగాలి, పుచ్చుకునే చేయి నిజం చెప్పాలి. మొహమాటం రెండు వైపులా కూర్చుంటే మంచి మనసులు కూడా బిడ్డను కాపాడలేవు.