సబీనస్ పాతిన మేకులు

వెరానియస్ దగ్గర సూటి జవాబు విన్నవాళ్లు లేరు. దాన్యూబ్ నది దక్షిణపు ఒడ్డున, కొలువు చాలించిన రోమన్ సైనికులు కాపురముండే ఊళ్లో, ద్రాక్షపందిరి కింద ఎడమకాలు బారచాపుకొని కూర్చునేవాడు. ఆ కాలు వంగదు. ఎవరేమడిగినా ముందు చేతికర్రతో నేలమీద రెండు గీతలు గీసి, తర్వాత ఎక్కడిదో ఓ సంగతి ఎత్తుకునేవాడు. విసుగొచ్చి లేచిపోయినవాళ్లూ ఉన్నారు. లుపస్ మాత్రం అయిదేళ్లుగా వస్తూనే ఉన్నాడు.

ఈసారి లుపస్ వచ్చింది కాలక్షేపానికి కాదు. నదికి అవతలున్న కోటకు అతను అధికారి. ఆ నేల గెలవడానికి అతని తండ్రి ప్రాణమిచ్చాడు. సమాధి కూడా అక్కడే. కొత్త చక్రవర్తి ఆ సరిహద్దు సీమను వదులుకున్నాడు. పది రోజుల్లో కోట ఖాళీ చేసి ఇవతలికి రమ్మని ఉత్తర్వు. లుపస్ రాకూడదని నిశ్చయించుకున్నాడు. గుర్రాలమీద వచ్చిపడే వేలమంది శత్రువులకు నాలుగువందల మంది ఎదురు నిలిస్తే ఏమవుతుందో తెలిసే నిశ్చయించుకున్నాడు. గురువు కూడా సరేనంటే మనసు కుదుటపడుతుందని ఆశ.

"గెలిచిన నేలను వదిలి రావడంలో గౌరవం ఏముంది గురువుగారూ?" అని అడిగాడు.

వెరానియస్ రెండు గీతలు గీశాడు. ముప్పై ఏళ్ల కిందట బ్రిటన్ ఉత్తరపు కొసన ఓ కోట కడుతున్నారట. గోడలు లేచాయి, స్నానశాలకు ఇంకా పైకప్పు పడలేదు, ఇంతలో ఇలాంటి ఉత్తర్వే వచ్చిపడింది. యుద్ధం ఇంకో దిక్కున ముంచుకొచ్చింది, సైన్యం అక్కడ కావాలి. ఒక్క మేకు కూడా శత్రువు చేతిలో పడకూడదని, కరిగిస్తే కత్తులవుతాయని, ఇనుమంతా బండ్లకెత్తి తీసుకురావాలని అందులో రాసి ఉంది. కోట అధికారి సబీనస్ మనుషుల్ని పురమాయించాడు. తాము కొట్టిన మేకుల్ని తామే పెరికారు. వంగినవాటిని సుత్తితో సరిచేశారు కూడా. వంకర మేకును వంకరగా వదిలేయడం రోమన్ సైనికుడికి చేతకాదు మరి.

ఉన్నవి తొమ్మిది బండ్లు. తొమ్మిదీ ఇనుముతో నిండాయి. వైద్యశాలలో నడవలేనివాళ్లు ముప్పైమంది మిగిలారు, జ్వరాలవాళ్లు, కాళ్లు విరిగినవాళ్లు. వాళ్ల సంగతి ఉత్తర్వులో లేదు. ఒక్కొక్కరి పక్కన ఒక్కో కత్తి పెట్టి పోదామని, వాళ్లకు అదే గౌరవమని తోటివాళ్లు సలహా ఇచ్చారు.

సబీనస్ ఆ పూట రొట్టె ముట్టలేదు. మర్నాడు కొలిమి గదిలో రెండు నిలువుల లోతు గొయ్యి తవ్వించాడు. బండ్లలో ఎక్కించిన ఇనుమంతా దింపించి అందులో పోయించాడు. మట్టి కప్పి, దిమ్మిస కొట్టించి, పైన పగిలిన పెంకులు చల్లించాడు. బండ్లలో గడ్డి పరిచి రోగుల్ని పడుకోబెట్టాడు. తన గుర్రాన్ని కూడా ఓ బండికి కట్టి తాను నడిచాడు. పదకొండు రోజుల దారి. గతుకుల్లో బండి ఎగిరినప్పుడల్లా కాళ్లు విరిగినవాళ్లు అతన్ని తిట్టని తిట్టు లేదు. విననట్టే నడిచాడు. అలాంటి మనిషిని తలుచుకుంటే ఇప్పటికీ కడుపు నిండినట్టుంటుందన్నాడు వెరానియస్.

వెనక స్థావరంలో సేనాని బండ్లలోకి తొంగి చూసి, సీమ పోయింది చాలక ఇనుమూ పోగొట్టావా అని మండిపడ్డాడు.

"ఇనుము పాతిపెట్టి వచ్చాను," అన్నాడు సబీనస్. "ఎప్పుడు వెళ్లి తవ్వినా దొరుకుతుంది. వీళ్లు దొరకరు."

ఆ మాటతో అతని పదవి ఊడింది. మిగిలిన ఏళ్లు మామూలు సిపాయిగా కొలువు చేసి, ఎవరిమీదా పల్లెత్తు మాట అనకుండా ఇంటికి వెళ్లిపోయాడు.

వెరానియస్ అంతటితో ఆపాడు. లుపస్ కోట వైద్యశాలలోనూ పద్దెనిమిది మంది పడుకొని ఉన్నారు. ఎదురు నిలవాలని నిశ్చయించుకున్నప్పుడు వాళ్లెవరూ గుర్తుకు రాలేదు. ఇంత వివరంగా ఈ సంగతి మీకెవరు చెప్పారని అడగబోయి, గురువు చాపిన కాలివంక చూసి ఊరుకున్నాడు. అయిదేళ్లుగా చూస్తున్న కాలే అది.

"మా నాన్న సమాధి అక్కడే ఉండిపోతుంది," అన్నాడు చివరికి.

"ఉంటుంది నాయనా," అన్నాడు వెరానియస్. "నీ దగ్గర బండ్లెన్ని ఉన్నాయి?"